సీసీ కెమెరా వీడియో బ్రౌజర్‌లో తెరుచుకోవడం లేదా? రికార్డింగ్ చెరిగిపోయేలోపు ఏం చేయాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ నడుపుతున్నారా? కొత్తపేటలో దుకాణం ఉందా? ఎల్‌బీ నగర్, వనస్థలిపురం వైపు అపార్ట్‌మెంట్ సంఘం బాధ్యతలు చూస్తున్నారా? అయితే మీ దగ్గర సీసీ కెమెరాలు ఉండే ఉంటాయి. మామూలు రోజుల్లో వాటి జోలికి ఎవరూ వెళ్లరు. సెల్లార్‌లో పెట్టిన బండి పోయిందనో, హాస్టల్‌ గదిలో ల్యాప్‌టాప్ మాయమైందనో తెలిసినప్పుడే వీడియో అవసరం పడుతుంది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ తెర మీద 'ప్లగిన్ డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి' అన్న సందేశం వస్తుంది. ఇన్‌స్టాల్ చేసినా మళ్లీ అదే సందేశం. లేదంటే నల్లతెర.

చాలామంది దీన్ని చూసి కెమెరా పాడైందని, రికార్డింగే లేదని అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో రెండూ నిజం కాదు. వీడియో డీవీఆర్‌లోని హార్డ్‌డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది. దాన్ని చూపించే పాత దారి మాత్రం మూసుకుపోయింది. వేరే దారులు ఉన్నాయి. వాటిని వెతికేలోపు డిస్క్ నిండి పాత వీడియో మీద కొత్తది రికార్డవుతుంటుంది. అసలు ప్రమాదం అదే.

అసలు ప్లగిన్ అంటే ఏమిటి? ఎందుకు పనిచేయడం లేదు?

బ్రౌజర్‌కు తనంతట తాను చేయడం రాని పనిని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. పదిహేనేళ్ల కిందట బ్రౌజర్లకు వీడియో ఆడించడం సరిగా వచ్చేది కాదు. అందుకే ఫ్లాష్, సిల్వర్‌లైట్ వంటి ప్లగిన్లు అవసరమయ్యాయి. సీసీ కెమెరాల కంపెనీలు కూడా ఇదే దారి పట్టాయి. డీవీఆర్ అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో వీడియో కనిపించాలంటే కంపెనీ ఇచ్చిన ప్లగిన్ ఉండాలి.

ఈ ప్లగిన్లు ప్రధానంగా రెండు రకాలు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం చేసినవి యాక్టివ్‌ఎక్స్ రకం. ఇవి విండోస్ కంప్యూటర్లలోనే నడుస్తాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల కోసం చేసినవి ఎన్‌పీఏపీఐ రకం. రెండిటికీ ఉన్న లోపం ఒకటే. ప్లగిన్‌కు కంప్యూటర్ లోపలి దాకా ప్రవేశం ఉంటుంది కాబట్టి అందులో చిన్న రంధ్రం ఉన్నా దాడి చేసేవాళ్లు నేరుగా లోపలికి వచ్చేయొచ్చు. అందుకే బ్రౌజర్ కంపెనీలు ఒక్కొక్కటిగా వీటికి తలుపులు మూశాయి.

• 2015 సెప్టెంబర్: క్రోమ్ 45వ వెర్షన్‌తో ఎన్‌పీఏపీఐ ప్లగిన్లను పూర్తిగా తొలగించింది.
• 2017 మార్చి: ఫైర్‌ఫాక్స్ 52వ వెర్షన్‌తో ఫ్లాష్ తప్ప మిగతా ప్లగిన్లన్నిటినీ ఆపేసింది.
• 2020 డిసెంబర్ 31: ఫ్లాష్‌కు మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి అడోబ్ సంస్థే అందులో వీడియోలు ఆడకుండా నిలిపేసింది.
• 2021 అక్టోబర్ 12: సిల్వర్‌లైట్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది.
• 2022 జూన్ 15: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 సేవలను మైక్రోసాఫ్ట్ ముగించింది. 2023 ఫిబ్రవరి 14న వచ్చిన ఎడ్జ్ అప్‌డేట్‌తో చాలా విండోస్ 10 కంప్యూటర్లలో అది తెరుచుకోవడమే మానేసింది.

సినిమాలు, పాఠాలు చూపించే వెబ్‌సైట్లు ఈలోగా ప్లగిన్ అక్కర్లేని హెచ్‌టీఎంఎల్ 5 పద్ధతికి మారిపోయాయి. అందుకే యూట్యూబ్ ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఆడుతుంది. వెబ్‌సైట్‌ను కంపెనీ ఒక్కచోట మార్చితే అందరికీ మారిపోతుంది. మీ మెట్ల కింద పెట్టెలో ఉన్న డీవీఆర్ సంగతి అలా కాదు. ఏడెనిమిదేళ్ల కిందట బిగించినప్పుడు అందులో ఏ వెబ్ పేజీ ఉందో, ఎవరూ మార్చకపోతే ఇప్పటికీ అదే ఉంటుంది.

కొత్త డీవీఆర్ కొన్నా నల్లతెరే వస్తోంది, ఎందుకు?

ఇక్కడ కారణం వేరు. వీడియోను కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. పాత పద్ధతి హెచ్.264. దాన్ని ఇప్పుడున్న బ్రౌజర్లన్నీ ఆడిస్తాయి. కొత్త పద్ధతి హెచ్.265. దీంతో దాదాపు అదే నాణ్యత గల వీడియో సుమారు సగం చోటులో సర్దుకుంటుంది. ఎక్కువ రోజుల రికార్డింగ్ నిలవాలని బిగించేవాళ్లు సాధారణంగా హెచ్.265నే పెడతారు.

హెచ్.265 విషయంలో బ్రౌజర్లన్నీ ఒకేలా లేవు. సఫారీ 2017 నుంచే ఆడిస్తోంది. క్రోమ్‌కు 2022లో 107వ వెర్షన్‌తో ఆ సదుపాయం వచ్చింది, అది కూడా కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్ అందుకు తగినదైతేనే. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్‌కు 2025 జనవరిలో 134వ వెర్షన్‌తో వచ్చింది. అంటే ఒకే కెమెరా వీడియో మీ అబ్బాయి కొత్త ల్యాప్‌టాప్‌లో కనిపించి, ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్‌లో కనిపించకపోవచ్చు. కెమెరా తప్పు కాదు, కంప్యూటర్ తప్పు కూడా కాదు. ఒకరి భాష ఇంకొకరికి రాదంతే.

దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది. చాలా డీవీఆర్‌లు ప్రతి కెమెరా నుంచి రెండు ధారలు పంపుతాయి. పెద్దది మెయిన్ స్ట్రీమ్, చిన్నది సబ్ స్ట్రీమ్. రికార్డింగ్‌కు మెయిన్ స్ట్రీమ్‌ను హెచ్.265లోనే ఉంచి, సబ్ స్ట్రీమ్‌ను హెచ్.264కు మార్చమని టెక్నీషియన్‌ను అడగండి. ప్లగిన్ అక్కర్లేని పేజీ ఉన్న డీవీఆర్ అయితే లైవ్ వీడియో ఎక్కువ బ్రౌజర్లలో కనిపిస్తుంది, డిస్క్‌లో చోటూ ఆదా అవుతుంది.

ఏ పరికరంలో ఏ దారి పనిచేస్తుంది?

నేరుగా మానిటర్: అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. డీవీఆర్ వెనక హెచ్‌డీఎంఐ లేదా వీజీఏ పోర్టు ఉంటుంది. ఇంట్లో టీవీని దానికి కలిపి, యూఎస్‌బీ మౌస్ పెడితే చాలు. బ్రౌజర్‌తో, ఇంటర్నెట్‌తో, ప్లగిన్‌తో పనిలేదు. పాత రికార్డింగ్ వెతకాలన్నా, పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలన్నా ఇక్కడి నుంచే చేయొచ్చు.

విండోస్ కంప్యూటర్: డీవీఆర్ పేజీ ప్లగిన్ అడుగుతుంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్ ఉంది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ విభాగానికి వెళ్లి, ఈ మోడ్‌కు అనుమతి ఇచ్చి, డీవీఆర్ అడ్రస్‌ను జాబితాలో చేర్చాలి. ఇలా చేర్చిన అడ్రస్ మామూలుగా 30 రోజుల తర్వాత జాబితా నుంచి తొలగిపోతుంది. పోయిన నెల పనిచేసింది ఈ నెల పనిచేయడం లేదంటే కారణం అదే కావచ్చు. మళ్లీ చేర్చండి. కనీసం 2029 వరకు ఈ మోడ్‌ను కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. దీన్ని డీవీఆర్ కోసం తప్ప వేరే వెబ్‌సైట్లకు వాడకండి. ఇది పాత బ్రౌజర్ ఇంజనే కాబట్టి పాత రంధ్రాల ముప్పు దీనికీ ఉంటుంది.

మ్యాక్, లైనక్స్, క్రోమ్‌బుక్: వీటిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్ లేదు. యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్ పనిచేయదు. దాని కోసం గంటలు గంటలు కూర్చోకండి. కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ మ్యాక్‌కు ఉందేమో చూడండి. ఉదాహరణకు హిక్‌విజన్ వాళ్ల ఐవీఎంఎస్-4200 విండోస్‌కూ మ్యాక్‌కూ ఉంది. లైనక్స్‌లో, మ్యాక్‌లో వీఎల్‌సీ ప్లేయర్ కూడా పనికొస్తుంది. అందులో 'నెట్‌వర్క్ స్ట్రీమ్' తెరిచి డీవీఆర్ ఆర్‌టీఎస్‌పీ అడ్రస్ ఇస్తే లైవ్ వీడియో వస్తుంది. దీనికి మామూలుగా 554వ పోర్టు వాడతారు. అడ్రస్ రాసే తీరు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ మోడల్ మాన్యువల్ చూడండి.

ఫోన్: ఫోన్ బ్రౌజర్‌లో ఈ ప్లగిన్లు పనిచేయవు. కెమెరా కంపెనీ యాప్ వాడాలి. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బిగించిన టెక్నీషియన్ డీవీఆర్‌ను తన నంబర్ మీదే రిజిస్టర్ చేసుకుని ఉంటాడు. తర్వాత మీరు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే 'ఈ పరికరం వేరే ఖాతాలో ఉంది' అని వస్తుంది. ఆ ఖాతా నుంచి తీయించి సంఘం పేరు మీదికి మార్పించుకోండి. ఇది వీడియో చూడటానికే కాదు, మీ మెట్ల దగ్గరి దృశ్యాలు బయటివాళ్ల ఫోన్‌లో ఉండకుండా చూసుకోవడానికి కూడా అవసరం.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్: కొన్ని మోడళ్లకు ప్లగిన్ అక్కర్లేని కొత్త వెబ్ పేజీ అప్‌డేట్‌తో వస్తుంది. కచ్చితంగా మీ మోడల్ నంబర్‌కు సంబంధించిన ఫైల్‌నే, కంపెనీ అధికారిక సైట్ నుంచే తీసుకోండి. మధ్యలో కరెంటు పోతే డీవీఆర్ పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ మీద ఉన్నప్పుడే చేయించండి. ముఖ్యమైన ఫుటేజీ ఉంటే ముందు దాన్ని బయటికి తీశాకే అప్‌డేట్ జోలికి వెళ్లండి.

ఫుటేజీ ఎన్ని రోజులు ఉంచాలి? చట్టం ఏమంటోంది?

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాక నగరంలో సీసీ కెమెరాల గురించి చర్చ బాగా పెరిగింది. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. తెలంగాణలోనూ అది కొనసాగుతోంది. ఒకేసారి 100 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చేరే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలని, ఫుటేజీని 30 రోజుల పాటు భద్రపరచాలని, ఆ ప్రాంత పోలీస్ ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఉన్న పెద్ద కోచింగ్ సెంటర్లు, షాపింగ్ మాల్స్, ఆసుపత్రుల నిర్వాహకులు దీన్ని గుర్తుంచుకోవాలి. చిన్న అపార్ట్‌మెంట్ ఆ లెక్కలోకి రాకపోయినా 30 రోజులు అనేది మంచి కొలమానమే.

మీ డిస్క్ అన్ని రోజులు ఆగుతుందా? లెక్క వేసి చూడండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 900 మెగాబైట్లు, రోజుకు 21.6 గిగాబైట్లు అవుతుంది. ఎనిమిది కెమెరాలకు రోజుకు దాదాపు 173 గిగాబైట్లు. అంటే 1 టెరాబైట్ డిస్క్ ఆరు రోజులు కూడా ఆగదు. 30 రోజులు నిలవాలంటే 5 టెరాబైట్లకు పైనే కావాలి. హెచ్.265తో సగానికి తగ్గినా 2.6 టెరాబైట్లు.

ఈ లెక్క ఎందుకంటే, శనివారం బండి పోయి, ఆదివారం వెతికి, సోమవారం ఫిర్యాదు ఇచ్చి, ప్లగిన్ గొడవతో మరో నాలుగు రోజులు గడిస్తే శుక్రవారానికి ఆ రికార్డింగ్ ఉండదు. దాని మీద కొత్త వీడియో పడిపోయి ఉంటుంది. డిస్క్ నిండితే పాతదాన్ని చెరిపేయడం డీవీఆర్‌ల మామూలు పద్ధతి.

ఘటన జరిగిందని తెలియగానే ఏం చేయాలి?

1. బ్రౌజర్‌తో కుస్తీ పట్టకండి. టీవీని నేరుగా డీవీఆర్‌కు కలపండి.
2. డీవీఆర్ గడియారాన్ని మీ ఫోన్ గడియారంతో పోల్చండి. తేడా ఉంటే రాసి పెట్టుకోండి. తేడా కనబడిన వెంటనే డీవీఆర్ సమయాన్ని సరిచేయకండి. ముందు ఫుటేజీ తీసుకోండి. రెండు గడియారాలూ కనిపించేలా ఒక ఫొటో తీస్తే మంచిది.
3. ఘటనకు ముందూ వెనకా కనీసం అరగంట కలిపి బ్యాకప్ తీసుకోండి. అన్ని కెమెరాలదీ తీయండి. మనిషి గేటు కెమెరాలో కనిపించకపోయినా లిఫ్ట్ కెమెరాలో కనిపించొచ్చు.
4. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైల్ 4 గిగాబైట్లు దాటదు. పెద్ద ఫుటేజీని ముక్కలుగా తీయండి.
5. కొన్ని డీవీఆర్‌ల ఫైల్ మామూలు ప్లేయర్లలో తెరుచుకోదు. బ్యాకప్ తీసేటప్పుడు 'ప్లేయర్‌ను కూడా చేర్చు' అనే ఎంపిక ఉంటే టిక్ పెట్టండి. లేకపోతే స్టేషన్‌లో కంప్యూటర్‌కు కూడా ఇదే ఇబ్బంది వస్తుంది.
6. అసలు ఫైల్‌ను వేరే ఫార్మాట్‌లోకి మార్చినా, మార్చని ప్రతిని విడిగా ఉంచండి.
7. డీవీఆర్‌ను రీసెట్ చేయకండి. డిస్క్ ఫార్మాట్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. బ్యాకప్ తీయడం కుదరకపోతే రికార్డింగ్ ఆపించండి. ఆ కొద్దిసేపు కెమెరాలు పనిచేయవు కానీ పాత వీడియో చెరిగిపోదు.

మీరు బాధితులై, కెమెరా వేరేవాళ్లదైతే?

హాస్టల్‌లో ఉండే విద్యార్థికో, అద్దెకు ఉండేవాళ్లకో ఇదే పెద్ద ఇబ్బంది. యజమాని 'వీడియో ఓపెన్ కావడం లేదు' అంటే అక్కడితో ఆగిపోకండి. ఫలానా తేదీ, ఫలానా సమయానికి సంబంధించిన ఫుటేజీని చెరిగిపోకుండా భద్రపరచాలని కోరుతూ ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. వాట్సాప్ సందేశమైనా ఫర్వాలేదు, రాసినట్టు ఆధారం ఉండాలి. తర్వాత చైతన్యపురి, సరూర్‌నగర్, ఎల్‌బీ నగర్... మీ ప్రాంతం ఏ స్టేషన్ కిందికి వస్తే అక్కడ ఫిర్యాదు చేయండి. ఏ స్టేషనో తేలకపోతే 100 లేదా 112కు ఫోన్ చేయొచ్చు. పరిధి తమది కాకపోయినా దొంగతనం వంటి నేరం గురించిన సమాచారాన్ని నమోదు చేసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది.

ఫిర్యాదులోనే కెమెరా ఎక్కడుందో, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు చూడాలో రాయండి. ప్రైవేటు యజమాని మీకు నేరుగా ఫుటేజీ ఇవ్వడానికి నిరాకరించవచ్చు. కానీ దర్యాప్తు అధికారి అదే సంహితలోని 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడిగితే ఇవ్వాల్సిందే.

కోర్టులో చెల్లాలంటే?

ఫుటేజీ దొరకడం ఒక మెట్టే. అది సాక్ష్యంగా నిలవడం ఇంకో మెట్టు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, డీవీఆర్ నుంచి తీసిన కాపీతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఫుటేజీ ఇచ్చే వ్యక్తి నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైల్ హాష్ విలువను కూడా అందులో రాయాలి. హాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య. ఫైల్‌లో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. పాత సాక్ష్యాల చట్టం 65బీ కింద కూడా, కాపీ ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది.

అందుకే టీవీ తెర మీద ఆడుతున్న ఫుటేజీని ఫోన్‌తో వీడియో తీసి అదే చాలనుకోకండి. మనిషిని గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది, అసలు ఫైల్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఫుటేజీని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది. పైగా అందులో సంబంధం లేని మనుషుల ముఖాలు కూడా ఉంటాయి.

ఏ తప్పులు చేయకూడదు?

ప్లగిన్ కోసం గూగుల్‌లో వెతికి, కనిపించిన మొదటి సైట్ నుంచి డౌన్‌లోడ్ చేయకండి. అధికారిక ప్లగిన్‌నే వద్దని బ్రౌజర్లు పక్కనపెట్టాయంటే, ఎవరో పెట్టిన నకిలీ ప్లగిన్ ఎంత ప్రమాదమో ఆలోచించండి. ప్లగిన్ పనిచేయడం కోసం యాంటీవైరస్ ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. పాత బ్రౌజర్‌ను వెతికి ఇన్‌స్టాల్ చేసుకుని అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయకండి.

బయటి నుంచి చూడటం కోసం రూటర్‌లో పోర్టు తెరిచి పెట్టడం ఇంకో అలవాటు. దానికి తోడు డీవీఆర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంటే ఇంటి తాళం గుమ్మానికే వేలాడదీసినట్టు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి డీవీఆర్‌లు, కెమెరాల్లోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే చొరబడింది. ఆ ఏడాది అక్టోబర్‌లో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి నిలిచిపోవడానికి ఆ పరికరాలే ఆయుధమయ్యాయి. పాస్‌వర్డ్ మార్చి, ఇద్దరు బాధ్యులకు మాత్రమే తెలిసేలా కాగితం మీద రాసి భద్రపరచండి.

కొత్తది కొనేటప్పుడు అడగాల్సినవి

• లైవ్ మాత్రమే కాదు, పాత రికార్డింగ్ కూడా ప్లగిన్ లేకుండా క్రోమ్‌లో కనిపిస్తుందా? కొన్ని మోడళ్లలో లైవ్ వస్తుంది, పాతది చూడాలంటే మళ్లీ ప్లగిన్ అడుగుతుంది. మీ ముందే చూపించమనండి.
• మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకు సాఫ్ట్‌వేర్ ఉందా?
• మీ కెమెరాల సంఖ్యకు 30 రోజులు సరిపడే డిస్క్ ఇస్తున్నారా? లెక్క కాగితం మీద రాసి ఇవ్వమనండి.
• ఖాతా, పాస్‌వర్డ్ మీ పేరు మీద ఉంటాయా?
• కెమెరాకు ప్రభుత్వ భద్రతా ప్రమాణాల ధ్రువీకరణ ఉందా? దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు కేంద్రం నిర్దేశించిన భద్రతా పరీక్షలు 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి అయ్యాయి.

ఇప్పటికే కెమెరాలు ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. టీవీని డీవీఆర్‌కు కలిపి, డిస్క్‌లో ఉన్న అన్నిటికంటే పాత రికార్డింగ్ ఏ తేదీదో చూడండి. మీ దగ్గర ఎన్ని రోజుల ఫుటేజీ నిలుస్తోందో అప్పుడే తెలుస్తుంది. అందులోంచి పది నిమిషాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటుందో లేదో పరీక్షించండి. ఆ పద్ధతిని ఒక కాగితం మీద రాసి డీవీఆర్ పెట్టె మీద అంటించండి. అవసరం పడిన రోజు మీరు ఊళ్లో లేకపోయినా వాచ్‌మన్‌కో, పక్క ఫ్లాట్ వాళ్లకో అది పనికొస్తుంది.